మిషన్‌కు తెచ్చిన చక్కెర

బత్తలపల్లె క్రాసులో బస్సు ఆగిందనడం మర్యాద కోసం. అది కుంటుకుంటూ వచ్చి, రేకుల కొట్టం ముందు ఒక పక్కకు ఒరిగి కూలబడింది.

డ్రైవరు దూకి దిగాడు. కొత్తవాడు. ఖాకీ చొక్కాకు ఇంకా అంగట్లోని మడతలు పోలేదు. వెనక చక్రాన్ని చూశాడు. కొట్టంలోకి తొంగిచూశాడు. అక్కడ ట్యూబుకు అతుకు వేస్తున్న అమ్మాయిని చూసి, ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని వెతికాడు.

“మగోళ్లు ఎవరూ ల్యారా?”

పీరాంబీ తలెత్తలేదు. “ఉండారు. నీ బస్సు నిండా ఉండారు. దింపుకో.”

బస్సులో ఎవరో నవ్వారు. కండక్టరు సుంకప్ప కిటికీలోంచి తల బయటపెట్టాడు. “కొత్తోడు కదమ్మా, తెల్దు. నాలుగు తూర్లు వస్తే తెలుస్తాది.”

చక్రం ఊడదీసి దొర్లించుకొచ్చింది డ్రైవరే. టైరు విప్పి, తుమ్మముల్లు పీకి, ట్యూబుకు అతుకు వేసి మళ్లీ ఎక్కించింది పీరాంబీ. ఇక మిగిలింది గాలి. మూలనున్న నిలువు పంపును ఆమె ముందుకు లాగేసరికి అతను అడ్డం వచ్చాడు.

“ఇట్లియ్యి. నేను కొడతా.”

“కొట్టు.”

కొట్టాడు. మొదట జోరుగా కొట్టాడు, తర్వాత నిబ్బరంగా కొట్టాడు, ఆ తర్వాత చొక్కా మడతలన్నీ చెమటకు కరిగిపోయేదాకా కొట్టాడు. “చాలా?” అని అడిగాడు.

పీరాంబీ చిన్న సుత్తితో టైరును తట్టి చెవి వంచి విన్నది. “తప్పెట మాదిరి మోగల్ల. ఇది ఇంకా దిండు మాదిరే ఉండాది.”

“డ్రైవరన్నా,” అన్నాడు సుంకప్ప, “టైరుకి గాలి ఎక్కల్యా గాని, నీకి మాత్రం దిగిపోయింది.”

పీరాంబీ పంపు తీసుకుంది. రెండు పాదాలతో అడుగుపలకను నొక్కిపెట్టి, నడుము వంచకుండా, ఊపిరి లెక్కన కొట్టుకుంటూ పోయింది. అతను పక్కన నిలబడి నేర్చుకుంటున్నవాడిలా చూశాడు. కొట్టం ముందు నులకమంచం మీద పడుకున్న ఆమె తండ్రి బుడేన్ సాబ్ లేచి కూర్చున్నాడు. మాట్లాడితే మాటకు ముందు గొంతులో ఈల వినిపిస్తుంది.

“పేరేమప్పా?”

“దాదా ఖలందర్ మామా. గుంతకల్లు. మా చిన్నాయన రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఆయన్నే నన్ను సాకింది.”

“రైలు ఇడిసిపెట్టి బస్సుకొచ్చినావా?”

“రైలు పట్టాల మీదనే పోతాది. నాకి యాడ తిప్పితే ఆడికి పోయే బండి కావల్ల.”

“అందుకే ముండ్ల మీదికి తిప్పినాడు,” అంది పీరాంబీ టైరుతో.

బస్సు పోయింది. దుమ్ము అణిగింది. పంపును మూలకు చేర్చబోతే, దాని పిడి ఇంకా వెచ్చగా ఉంది. ఎండకు కావచ్చు. తన చేతుల వేడే కావచ్చు. ఇందరి చేతులు పడిన పిడి గురించి ఈ పూట ఆలోచిస్తున్నందుకు ఆమెకు తన మీదే కోపం వచ్చింది.

ఆ కోపం మర్నాటికి పోలేదు. మూడోనాటికి అలవాటయింది.

ధర్మవరం నుంచి అనంతపురం పోయే ఆ దారిలో రైతులు కంచెలకు తుమ్మకంప లాక్కుపోతుంటారు. కంప పోతుంది, ముళ్లు రోడ్డు మీద మిగులుతాయి. బస్సు రెండు రోజులకొకసారి కుంటేది. కుంటని రోజు కూడా ఆగేది.

“ఎందుకాగినావు?” పీరాంబీ అడిగేది.

“గాలి రవ్వంత తగ్గినట్లుండాది. చూడు.”

ఆమె సుత్తితో తట్టేది. టైరు ఖంగుమనేది. “తగ్గల్యా.”

“ఆ పక్కది?”

“అదీ తగ్గల్యా. తగ్గింది ఇంకోటి. చెప్పమంటావా?”

సుంకప్ప టికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని ప్రయాణికులకు వివరించేవాడు. “ఇంతకుముందు ముండ్లు మా బస్సుని గుచ్చుకునేవి. ఇప్పుడు మా బస్సే పోయి ముండ్లని గుచ్చుకుంటాంది.”

ఒక మధ్యాహ్నం బస్సుకు ఒకేసారి రెండు చక్రాలు పోయాయి. అంతకుముందే పీరాంబీ ఒక లారీకి గాలి కొట్టి ఉంది. రెండో చక్రం సగంలో ఉండగా ఆమె పంపు ఆపి, అరచేతికి చుట్టుకున్న గుడ్డను బిగించుకుంది. గుడ్డ తడిసి ఎర్రగా ఉంది. పాత బొబ్బ చితికింది, అంతే. ఆమెకది వార్త కాదు.

ఖలందర్ చూశాడు. అతని ముఖంలో నవ్వు ఉండే చోటు ఖాళీ అయింది.

పీరాంబీ ఆ ముఖాన్ని ఎరుగును. తండ్రి ఊపిరందక మంచం పట్టిన కొత్తలో ఊరంతా ఆ ముఖమే పెట్టుకుని వచ్చింది. వాళ్లది దూదేకుల ఇల్లు. బుడేన్ సాబ్ ముప్పై ఊళ్లకు పరుపుల దూది ఏకిన మనిషి. ఏకిన దుమ్మంతా రొమ్ములో చేరి, దూది ఏకే విల్లు అటకెక్కింది. ఈ పంచర్ కొట్టం పెట్టుకున్నాక అందరి టైర్లకూ గాలి ఇచ్చేవాడికే గాలి లేకపోయింది. అయ్యో పాపం అన్నవాళ్లు అని వెళ్లిపోయారు. పంపు అందుకున్నది పీరాంబీ. అందుకున్ననాడే ఒకటి అనుకుంది: ఈ పని చూసి ఎవరైనా మెచ్చుకోవచ్చు, తిట్టవచ్చు, జాలిపడటం మాత్రం కుదరదు.

“ఏమట్ల చూస్తాండావు? రెంచి పట్టుకో.”

ఖలందర్ పట్టుకున్నాడు. పోయేటప్పుడు మాత్రం, “దీనికొక దావ చూడల్ల,” అన్నాడు.

“దేనికి?”

అతను బస్సెక్కి ఇంజిను నడిపాడు.

బస్సు రాత్రి మకాం బత్తలపల్లెలోనే. శుక్రవారం దానికి సెలవు. ఆ శుక్రవారం ఖలందర్ కొట్టానికి ఎదురుగా వేపచెట్టు నీడలో బస్సు నిలిపి, బానెట్టు ఎత్తి, గోనెసంచిలోంచి ఒక ఇనుప ముద్దను బయటికి తీశాడు. పెద్ద యుద్ధంలో తిరిగిన మిలిటరీ లారీ ఒకటి గుంతకల్లు పాత సామాన్ల అంగట్లో విడి భాగాలైపోతుంటే, దాని కడుపులోంచి తెచ్చాడట. పీరాంబీ చూడనట్టు కూర్చుని అంతా చూసింది. ఇంజిను పక్కన ఇనుప పట్టీ బిగించాడు. దాని మీద ఆ ముద్దను కూర్చోబెట్టాడు. ఫ్యాను బెల్టు పక్కనే ఇంకో బెల్టు వేశాడు. ఇంజిను నడిపిచూస్తే బెల్టు ఎగిరి వేపచెట్టు మొదట్లో పడింది.

మళ్లీ వేశాడు. మళ్లీ పడింది.

“పాము పట్టినట్ల పట్టుకోవల్లేమో,” అంది పీరాంబీ కొట్టంలోంచి.

“బెల్టు చక్రాలు రెండూ ఒక గీతలో ల్యావు. దారం కావల్ల. ఒక కొస పట్టుకునే మనిషి కావల్ల.”

దారం ఆమె దగ్గరుంది. మనిషి లేడు కాబట్టి ఆమే పోయింది. ఇంజిను చక్రం అంచున ఒక కొస ఆమె ఆనించి పట్టింది, కొత్త చక్రం అంచున రెండో కొస అతను పట్టాడు. దారం ఎక్కడ తాకుతోందో, ఎక్కడ తాకకుండా తప్పుకుంటోందో చూడాలి. ఇద్దరూ ఒక కన్ను మూసి, ఒకే దారం వెంబడి చూశారు. ఆ చూపు సాగి సాగి రెండో కొసన ఉన్న కంటి దగ్గర ఆగింది. దారం కదిలింది.

“గట్టిగా పట్టుకో,” అన్నాడు అతను.

“నా కొస గట్టిగానే ఉండాది. నీదే వణుకుతాంది.”

“ఇదేంది మిషన్?” అని అడిగింది కాసేపటికి.

“అయినాంక చెప్తా. ఇప్పుడు చెప్తే నవ్వుతావు.”

పట్టీ కింద రేకు ముక్క పెట్టి ఎత్తాడు. బెల్టు నిలిచింది. ఒక రోజుతో అయిపోలేదు. ఆ తర్వాతి శుక్రవారం ఫుట్‌బోర్డు వెనక గాలి నిలవుండే ఇనుప పీపా కట్టాడు. రాగి గొట్టం వంచి అతికాడు. రోడ్డు కుదుపులకు పట్టీ ఒకసారి విరిగింది. ఇంకా మందమైనది చేయించుకొచ్చాడు. పనిలో ఉన్నప్పుడు అతను మాట్లాడడు. ఆ మౌనంలో ఒక మొండితనం ఉంది. పీరాంబీకి అది పరాయిదిగా తోచలేదు. అద్దంలో చూసుకున్నట్టే ఉంది.

అంతా అయిన రోజు ఊరు గుమిగూడింది. “కంప్రెషర్. గాలి కొట్టే మిషన్,” అని ఖలందర్ ఇంజిను నడిపి, బారెడు రబ్బరు గొట్టాన్ని టైరుకు తగిలించాడు. ఎవరూ వంగలేదు, ఎవరూ చెమట పట్టలేదు. టైరు దానంతటదే నిలువునా లేచింది. పీరాంబీ సుత్తి తెచ్చి తట్టింది.

ఖంగుమంది.

“బస్సుకి ఊపిరొచ్చింది,” అన్నాడు సుంకప్ప.

ఖలందర్ ఎవరినీ చూడలేదు, ఆమెనే చూశాడు. బహుమతి ఇచ్చి, కట్టు విప్పుతారని ఎదురుచూస్తున్నవాడి ముఖం అది.

“బాగుండాది,” అంది పీరాంబీ. “ఇంక టైరు పోతే రోడ్డు మీదనే ట్యూబు మార్చుకుంటారు. గాలి మీ దగ్గరే ఉండాది. పోయిన ట్యూబుకి అతుకు ధర్మవరంలో ఏస్తారు.”

“అవును. బస్సు షావుకారు కూడా అదే అన్న్యాడు.”

“అయితే ఈడ మీకేం పనుండాది?”

అతను కొట్టం వైపు చూశాడు, మూలనున్న పంపు వైపు చూశాడు. ఆ సంగతి అతనికి అప్పటిదాకా తట్టనే లేదని ఆమెకు అర్థమైంది. అర్థమవడం వల్ల కోపం తగ్గాల్సింది, ఎందుకో పెరిగింది.

ఆ సాయంత్రమే అతను కొట్టం వెనకున్న ఇంటికి వచ్చాడు. పక్కన సుంకప్ప. ఖలందర్ చేతుల్లో ఇత్తడి పళ్లెం, పళ్లెం నిండా చక్కెర, పైన తెల్లటి చేతిగుడ్డ. దర్గాలో ఫాతెహా ప్రార్థన చదివించుకుని నేరుగా వస్తున్నాడు. గుంతకల్లు రైల్వే షెడ్డులో కొత్త మిషన్ ఏది నడిచినా చక్కెర చదివించి నలుగురికీ పంచడం వాడుక. అతను ఆ వాడుకలో పెరిగాడు.

బత్తలపల్లె దూదేకుల ఇళ్లల్లో వాడుక వేరు. పెళ్లికావలసిన పిల్ల ఉన్న ఇంటికి, పెళ్లికావలసిన మగవాడు, పక్కన ఒక పెద్దమనిషితో, గుడ్డ కప్పిన చక్కెర పళ్లెం తెస్తే దానికి ఒక్కటే అర్థం.

వాకిట్లో ఉన్న అమీనాబీ కూతురి వైపు చూసి, కొంగు తల మీదికి లాక్కుని, మంచి చాప తెచ్చి పరిచింది. “రాప్పా, కూసో. సుంకప్పన్నా, నువ్వొచ్చింది మంచి పని. పెద్దదిక్కు ఉండల్ల గదా.”

సుంకప్ప తనను ఎవరూ ఎన్నడూ పెద్దదిక్కు అననందున సంతోషంగా కూర్చున్నాడు.

బుడేన్ సాబ్ గడ్డం దువ్వుకున్నాడు. “మీ చిన్నాయనకి తెలుసునా?”

“మొన్ననే కబురు పంపినా మామా. శానా సంతోషపడినాడు.”

పీరాంబీ లోపలి గదిలో ఉంది. ఎప్పుడు వెళ్లిందో, ముఖం ఎప్పుడు కడుక్కుందో ఆమెకు గుర్తులేదు. గోడకున్న చిన్న అద్దంలో తల దువ్వుకున్న ఒక అమ్మాయి కనిపించింది. మధ్యాహ్నం ఆ మనిషి మీద అంత కోపం పెట్టుకున్న అమ్మాయే. బయటివాళ్లు ఇంకా ఏమీ అడగకముందే, లోపల ఎవరో ‘సరే’ అన్నారు. ఆ గొంతు తనదే.

“అయితే ఎప్పుడనుకుంటాండారు?” బుడేన్ సాబ్ అడిగాడు.

“ఏది మామా?”

“నిఖా.”

సుంకప్ప లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

“మామా,” అన్నాడు ఖలందర్, “ఈ చక్కెర... కంప్రెషర్‌కి.”

పీరాంబీ బయటికి వచ్చింది. పళ్లెం అందుకోవడానికి అమ్మ చాచిన చేతులు అలాగే ఉన్నాయి. పళ్లెం అంచున అతని వేళ్లు ఉన్నాయి, గోళ్లనిండా నల్లటి గ్రీజు. తెల్లటి గుడ్డ మీద కూడా ఆ వేళ్ల ముద్రలు పడ్డాయి. పెళ్లికి వచ్చినవాడి చేతులు కావవి. ముందే చూసి ఉంటే తెలిసిపోయేది. అద్దం చూసుకుంటూ అది చూడలేదు.

ఆమె పళ్లేన్ని అతని రొమ్ముకు ఆనించి తోసింది.

“పోయి నీ మిషన్‌కే తినిపించుకో.”

తర్వాత బస్సు ఆగలేదు. క్రాసు దగ్గర నెమ్మదించేది, హారన్ ఒకసారి మోగేది. పీరాంబీ తలెత్తేది కాదు. సైకిళ్లు వచ్చాయి, ఎడ్లబండ్ల మధ్య ఒక లారీ వచ్చింది, కొట్టం నడిచీ నడవనట్టు నడిచింది. ఆమె రోజంతా అతన్ని మనసులో తిట్టేది. ఏ మాటకు అతను ఏమంటాడో, దానికి తానేమంటుందో అంతా కట్టుకునేది. ఒకనాడు టైరు విప్పుతూ ఆమెకు తోచింది: పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తిట్టేందుకైనా ఒక మనిషిని లోపల కూర్చోబెట్టుకున్నామంటే, అతను లోపలే ఉన్నాడు కదా. ఆమె టైరును మరింత గట్టిగా విప్పింది.

ఒక గురువారం పొద్దున బస్సు ఆగింది. దిగింది సుంకప్ప ఒక్కడే. భుజాల నిండా ట్యూబులు పాముల్లా వేలాడుతున్నాయి.

“ఇవి చూడమ్మా. ధర్మవరంలో ఏసిన అతుకు ఏసినట్లే లేచిపోతాంది. కొత్త ట్యూబులు కూడా చెడిపోతాండాయి. రబ్బరు ఉడికిన వంకాయ మాదిరి అయితాంది. షావుకారు బదరీనారాయణ నిన్న వచ్చి చూసినాడు. ఆ మిషన్ అపశకునం అన్న్యాడు. రేపు సాయంత్రానికి ఊడదీయల్ల, ఊడదీసి డ్రైవరు కూడా దాని ఎంబడే పోవల్ల అన్న్యాడు.”

పీరాంబీ డ్రైవరు సీటు వైపు చూసింది. ఖలందర్ ముందుకు చూస్తూ కూర్చున్నాడు, స్టీరింగు వదిలితే పడిపోతానన్నట్టు.

సుంకప్ప ఇచ్చిన ట్యూబుల్లో ఒకటి ఆమె కత్తెరతో కోసి లోపల చెయ్యి పెట్టింది. జిడ్డు. వేళ్లు రాసి చూసింది, వాసన చూసింది. ఇంజిను నూనె. నూనె తగిలిన రబ్బరు బతకదు. అతుకు పట్టదు. పంచర్ కొట్టంలో పెరిగినవాళ్లకు అది ఎవరూ చెప్పనక్కరలేదు. గాలితో పాటు మిషన్ నూనెను కూడా మింగి కక్కుతోంది.

“ఏమన్నా తెలిసిందా?” అన్నాడు సుంకప్ప.

“చూస్తా. ఉండనీ.”

బస్సు పోయింది. ఆమె ఆ జిడ్డు చేతిని అలాగే పట్టుకుని కూర్చుంది.

ఏమీ చెప్పకపోతే చాలు. రేపు సాయంత్రానికి మిషన్ పోతుంది. బస్సు మళ్లీ కుంటుతుంది, మళ్లీ ఇక్కడే ఆగుతుంది. కొట్టం నిలబడుతుంది. ఆమె చేయవలసిందల్లా ఊరికే ఉండటం. అంత సులువైన పని ఆమెకు ఇంతకుముందు ఎన్నడూ దొరకలేదు. దొరికిన పని సులువుగా ఉన్నకొద్దీ అరచేయి మండింది.

ఎందుకు చెప్పాలి? అతను కొట్టాన్ని ముంచాడు. ఇల్లు నవ్వులపాలు చేశాడు.

కాదు. ఆమె తనను తాను అడ్డగించి అడిగింది, ఇంకొకరిని అడిగినట్టు, నిక్కచ్చిగా. కొట్టం గురించి వచ్చిన కోపం ఆ మధ్యాహ్నమే అయిపోయింది. ఇన్నాళ్లూ మండింది వేరేది. అతను చక్కెర తెచ్చాడు, అది తనకు కాదు. అంతే. ఇంత చిన్న నిజాన్ని దాచడానికి ఇంత పెద్ద కోపం కావలసివచ్చింది.

చెప్పకపోతే గుంతకల్లు రైలెక్కుతాడు. చెబితే కొట్టం ఏమవుతుంది? దానికీ ఒక దావ చూడాలి. ఆమె లేచి, అటక మీదినుంచి తండ్రి ఏకుడు విల్లు దించింది.

మర్నాడు ఖలందర్ వేపచెట్టు కింద బానెట్టులో తల దూర్చి ఉన్నాడు.

“ఆ బోల్టు ఇడిసిపెట్టు.”

“ఇప్పమని షావుకారు చెప్పినాడు.”

“షావుకారికి నేను చెప్తా. చెయ్యి చాపు.”

చాపాడు. కోసిన ట్యూబును అతని అరచేతిలో రుద్దింది. “నీ మిషన్ టైర్లకి గాలి కొట్టల్యా. తలంటు పోసింది.”

అతను వాసన చూశాడు. కళ్లు మూసుకున్నాడు. “లోపల రింగులు అరిగిపోయినాయి. పాత మిషన్. నేనెట్ల చూడకపోతి.” ట్యూబు తిప్పిచూసి, “రింగులు గుంతకల్లు నుంచి తెప్పిస్తా. అయినా రవ్వంత నూనె వస్తానే ఉంటాది.”

“వచ్చేదాన్ని దావలో పట్టుకోవల్ల.”

“దేంతో?”

ఆమె మూట విప్పి చూపించింది. దూది.

అతను లావుపాటి ఇనుప గొట్టం ముక్క తీసుకుని, రెండు కొసలకూ మూతలు బిగించేటట్టు చేసి, పీపాకూ రబ్బరు గొట్టానికీ మధ్య పెట్టాడు. దూది తీసుకుని గట్టిగా కుక్కాడు. ఇంజిను నడిపాడు. రబ్బరు గొట్టంలోంచి గాలే రాలేదు. పీపా మీద వాల్వు బుస్సుమంది.

ఎదురుగా మంచం మీదినుంచి బుడేన్ సాబ్ నవ్వు, నవ్వు వెనకే దగ్గు. “ఒరే అబ్బా, దూది కుక్కితే గోడ. ఏకితే జల్లెడ. పీరా, విల్లు కట్టు.”

పీరాంబీ విల్లు వేలాడదీసి, కొయ్యగుండుతో దాని నరపుతాడును మీటింది. టంయ్ మంది. “బిగువు చాల్దు,” అన్నాడు తండ్రి. బిగించింది. ఈసారి నరం పాడింది. దూది పింజెలు పింజెలుగా విడిపోయి, మేఘం కింద పడ్డట్టు చాప మీద పరుచుకుంది.

పైన ఉన్న అసలు మేఘానికి అదే సమయం దొరికింది. ఆ సీమలో వానకు కూడా దారిలోనే పంచర్ అవుతుంది, వచ్చేసరికి నాలుగు చినుకులే మిగులుతాయి. ఆ నాలుగూ ఇప్పుడే రాలాయి. వేడి ఇంజిను మీద చుయ్ చుయ్ మన్నాయి. పీరాంబీ దూది మీద వంగి కొంగు కప్పింది. ఖలందర్ టార్పాలిన్ లాక్కొచ్చి ఆమె మీద పట్టాడు.

“నువ్వు తడుస్తాండావు,” అంది ఆమె కింద నుంచి.

“నేను దూది కాదు.”

టార్పాలిన్ మీద చినుకులు వేళ్లతో తట్టినట్టు మోగాయి. అక్కడ కూర్చుని అడిగితే ముఖం చూడనక్కరలేదు. “ఎందుకు చేసినావు ఈ మిషన్?”

“నీ చెయ్యి చూసినాంక నిద్ర రాల్యా.”

“జాలా?”

“జాలిపడినోడు ఏదో ఇంత ఇచ్చి పోతాడు. పోయి నిద్రపోతాడు. నాకి నిద్ర రాల్యా అంటాండా.”

ఆమె దూదిలోంచి ఒక గింజను ఏరి పారేసింది. “నన్నడగల్యా.”

“అడగల్యా. నీకేం కావల్నో నాకే తెలుసనుకుంటి. కొట్టం సంగతి తట్టనే ల్యా. తప్పే.”

“ఇప్పుడడుగు.”

“నీకేం కావల్ల?”

“ఆ చక్కెర యాడ ఉండాది?”

టార్పాలిన్ ఒక పక్కకు జారింది. “మిషన్ తినల్యా,” అన్నాడు. “సుంకప్పన్న తిన్న్యాడు.”

ఆమె నవ్వు విని అమీనాబీ వాకిట్లోకి వచ్చి చూసి, మళ్లీ లోపలికి పోయింది.

సాయంత్రం షావుకారు బదరీనారాయణ జట్కా దిగేసరికి గొట్టంలో ఏకిన దూది ఉంది. ఆయన మిషన్‌ను దూరం నుంచి చూశాడు, కరుస్తుందేమోనన్నట్టు. పీరాంబీ, “మీ ఉత్తరీయం కొస ఇట్ల పట్టండి,” అంది.

“మచ్చ పడితే?”

“నేను ఉతికిస్తా.”

తెల్లటి కొసను రబ్బరు గొట్టం మూతికి అడ్డం పట్టాడు. ఖలందర్ ఇంజినును చాలాసేపు నడిపాడు. షావుకారు గుడ్డను ఎండకెత్తి చూశాడు, తిప్పి చూశాడు, ముక్కుకు ఆనించి చూశాడు. మచ్చ లేదు. గొట్టం మూత విప్పితే దూది మాత్రం ఒక వైపు గోధుమరంగుకు తిరిగి ఉంది.

“ఎన్నాళ్లుంటాది ఈ దూది?”

“వారం. శుక్రవారం శుక్రవారం మార్చల్ల.”

“ధర్మవరంలో మార్పించుకుంటాం.”

“ధర్మవరంలో కుక్కుతారు షావుకారీ. ఈడ ఏకుతాం.” ఆమె గొంతు ఎత్తలేదు. “దూది ఈడనే. అతుకులు కూడా ఈడనే. బస్సు ఆగినంతసేపు మీ గొట్టంతో మా కొట్టంలోని టైర్లకి గాలి. దానికి మీకు వేరే ఖర్చు ల్యా. ఇంజినెట్లా తిరుగుతానే ఉంటాది.”

బదరీనారాయణ ఆమెను కాసేపు చూశాడు. బేరం తెలిసినవాడు బేరం తెలిసినవాళ్లను చూసే చూపు. “బుడేన్ సాబ్, నీ కూతుర్ని మా అంగట్లో కూర్చోబెడితే మావాళ్లందరినీ ఇంటికి పంపించొచ్చు.” డ్రైవరు వైపు తిరిగాడు. “మిషన్ ఉండనీ. నువ్వూ ఉండు. ఈసారి ఏదన్నా చేసేముందు ఈ పిల్లనడిగి చేయి.”

“అట్లనే,” అన్నాడు ఖలందర్. అంత తొందరగా అతను దేనికీ ఒప్పుకోలేదు.

బస్సు మళ్లీ ఆగసాగింది. గుంతకల్లు నుంచి రింగులు వచ్చాయి. నిలువు పంపు మూలన నిలబడింది. బుడేన్ సాబ్ దాని పిడికి తన తలగుడ్డ తగిలించుకోవడం మొదలుపెట్టాడు. పీరాంబీ అరచేతిలోని బొబ్బ ఎండి పొర లేచింది. కింద కొత్త చర్మం పలచగా, ఎర్రగా, ఇంకా దేనినీ ఎరగనట్టు ఉంది.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక వాకిట్లో అలికిడయింది. ఖలందర్. ఒక పక్క అతని చిన్నాయన, అచ్చం రైలింజినులా బరువుగా ఊపిరి వదిలే మనిషి. ఇంకో పక్క సుంకప్ప, ఈసారి తలపాగా చుట్టుకుని, పెద్దదిక్కుగానే. ఖలందర్ చేతుల్లో అదే ఇత్తడి పళ్లెం. పైన గుడ్డ.

అమీనాబీ చాప తేలేదు. గడపలో అడ్డంగా నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

“ఈసారి ఏ మిషన్‌కప్పా?”

సుంకప్ప దగ్గాడు. చిన్నాయన అయోమయంగా అందరి ముఖాలూ చూశాడు. ఖలందర్ పళ్లేన్ని రెండు చేతులతో ముందుకు చాచాడు.

పీరాంబీ ఈసారి అద్దం దగ్గరికి పోలేదు. తలుపు చాటున నిలబడి ముందు గుడ్డ చూసింది. దాని మీద ఒక్క మచ్చ లేదు. తర్వాత పళ్లెం అంచును పట్టుకున్న వేళ్లను చూసింది. కిరసనాయిలుతో రుద్ది, చింతపండుతో తోమి, సున్నంతో మళ్లీ రుద్ది ఉంటాడు. చర్మం అక్కడక్కడా లేచిపోయింది. గోళ్లలో ఎంత వెతికినా గ్రీజు కనబడలేదు.

“తీసుకోమ్మా,” అంది లోపలి నుంచి. “ఈసారి చేతులు కడుక్కోనొచ్చినాడు.”